ఒళ్లు పెరగడం, ఊపిరి బిగియడం: ఆడవాళ్ల ఆస్తమాకు బరువుతో ఉన్న ముడి

విశాఖపట్నంలో నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లు ఆయాసంగా ఉందని చెబితే ఎక్కువగా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి, "ఒళ్లు చేశావు కదమ్మా, ఆయాసం రాకేం చేస్తుంది?" రెండోది, "ఆస్తమా అయ్యుంటుంది, పంపు (ఇన్‌హేలర్) వాడండి." మొదటి జవాబు విన్నవాళ్లు ఊపిరితిత్తుల పరీక్ష ఒక్కటి కూడా చేయించుకోకుండా ఏళ్లు గడిపేస్తారు. రెండో జవాబు విన్నవాళ్లు బరువు సంగతి పక్కన పెట్టేసి, పంపు డోసు పెంచుకుంటూ పోతారు. గత ఇరవై ఐదేళ్ల పరిశోధన చూస్తే ఈ రెండూ సగం సగం జవాబులేనని తెలుస్తుంది. అధిక బరువు కొత్తగా ఆస్తమాను తెచ్చిపెట్టగలదు. ఉన్న ఆస్తమాను మందులకు లొంగకుండా చేయగలదు. ఆస్తమా కూడా తన వంతుగా బరువును పెంచుతుంది. రెండింటినీ విడదీసి వైద్యం చేయడం వల్లే చాలామంది ఆడవాళ్లకు ఏ మందూ పూర్తిగా పనిచేయట్లేదన్నదే ఇక్కడ చెప్పదలచిన విషయం.

ముందు బరువు లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 24 శాతం మంది బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చెప్పే అంకె) 25కు చేరుకున్నవాళ్లో, దాటినవాళ్లో. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36.3 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరి కంటే ఎక్కువ. పల్లెల కంటే పట్నాల్లో ఇది ఇంకా ఎక్కువగా ఉంటుంది.

బీఎంఐ అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఐదడుగుల ఎత్తున్న స్త్రీకి 58 కిలోల దగ్గర అది 25 అవుతుంది, 70 కిలోల దగ్గర 30 అవుతుంది. పాశ్చాత్య దేశాల్లో 30 దాటితేనే ఊబకాయం అంటారు. మనవాళ్లలో తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, షుగరు, బీపీ మొదలవుతాయి కాబట్టి భారతీయ నిపుణులు 23 నుంచే అధిక బరువనీ, 25 నుంచి ఊబకాయమనీ లెక్క కట్టారు. నడుం చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మించకూడదని కూడా అన్నారు.

ఈ నడుం కొలత సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో అది ఎవరి కంటా పడదు. ప్యాంటు వేసుకునే మగవాడికి పొట్ట పెరిగితే గుండీ పట్టదు, బెల్టులో కన్నం మారుతుంది. చీరకూ నైటీకీ ఆ బెడద లేదు. లంగా బొందు కాస్త వదులుగా కట్టుకుంటే సరిపోతుంది. తెలిసేదల్లా జాకెట్టు దగ్గరే. టైలరు లోపల వదిలిన కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయి, విప్పడానికి ఇంకో కుట్టు లేని రోజున గానీ ఎంత పెరిగామో తెలియదు. అప్పటికి ఐదారేళ్లు గడిచిపోయి ఉంటాయి. టేపు పెట్టి చూసుకోవాలంటే బొందు కట్టే చోట కాకుండా, కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. బొందు దగ్గర కొలిస్తే వచ్చే సంఖ్యను నమ్మకూడదు.

అధ్యయనాలు చెప్పింది

బరువుకూ ఆస్తమాకూ ఉన్న సంబంధాన్ని ఆడవాళ్లలో గట్టిగా చూపించిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి అమెరికా నర్సులపై జరిగింది. 26 నుంచి 46 ఏళ్ల మధ్య వయసున్న 85,911 మందిని 1991 నుంచి 1995 దాకా గమనించారు. ఆ నాలుగేళ్లలో 1,596 మందికి కొత్తగా ఆస్తమా వచ్చింది. సన్నగా ఉన్నవాళ్లతో పోలిస్తే బీఎంఐ 30 దాటినవాళ్లకు ఆస్తమా వచ్చే అవకాశం 2.7 రెట్లుగా తేలింది. పద్దెనిమిదేళ్ల తర్వాత బరువు పెరుగుతూ వచ్చినవాళ్లలో ముప్పు కూడా అదే వరసలో పెరిగింది. ఈ అధ్యయనం విలువంతా దాని క్రమంలో ఉంది. ఆస్తమా ఉన్నవాళ్లను పట్టుకుని బరువు తూచలేదు. ఆస్తమా లేనివాళ్ల బరువును ముందే రాసి పెట్టుకుని, ఎవరికి జబ్బు వస్తుందో ఎదురుచూశారు. కాబట్టి ఆయాసం వల్ల కదలక లావయ్యారేమో అన్న అనుమానానికి చోటు చాలా తగ్గింది.

2007లో ఇలాంటి ఏడు అధ్యయనాలను, మొత్తం 3,33,102 మంది వివరాలను కలిపి చూశారు. అధిక బరువున్నవాళ్లకు ముప్పు 38 శాతం, ఊబకాయం ఉన్నవాళ్లకు 92 శాతం ఎక్కువని తేలింది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ లెక్కలో ఆడా మగా మధ్య తేడా స్పష్టంగా బయటపడలేదు. కొన్ని అధ్యయనాల్లో ఆడవాళ్లకే ముప్పు ఎక్కువని కనిపిస్తే, కొన్నింట్లో ఇద్దరికీ సమానంగా వచ్చింది. అయినా ఆడవాళ్ల ఆస్తమా గురించి విడిగా మాట్లాడుకోవడానికి బలమైన కారణం ఉంది. 2008లో బ్రిటన్‌లోని లెస్టర్ పరిశోధకులు ఆస్తమా రోగులను లక్షణాలను బట్టి గుంపులుగా విడదీసినప్పుడు ఒక గుంపు ప్రత్యేకంగా నిలబడింది. ఆ గుంపులో ఎక్కువమంది ఆడవాళ్లు, బరువు ఎక్కువ, జబ్బు పెద్దయ్యాక మొదలైంది, ఆయాసం తీవ్రంగా ఉంది, కానీ మామూలు ఆస్తమాలో కనిపించే అలర్జీ తరహా వాపు మాత్రం పెద్దగా లేదు. చిన్నప్పటి నుంచీ తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలతో పెరిగిన మనిషి ఆస్తమా ఒక రకం. నలభై ఏళ్లకు, రెండో కాన్పు తర్వాతో ముట్లు ఆగే రోజుల్లోనో, బరువుతో పాటు వచ్చే ఆస్తమా ఇంకో రకం.

మన దేశం సంగతికి వస్తే, 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను తీసుకుని 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లపై చేసిన విశ్లేషణలో కూడా ఊబకాయం ఉన్నవాళ్లే ఆస్తమా ఉందని ఎక్కువగా చెప్పారు. పొగ పొయ్యి, పొగాకు, ఆర్థిక స్థితి లాంటివి లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా మిగిలింది. కాబట్టి ఇది చీజు తినే దేశాల గొడవ అని తోసేయడానికి లేదు.

ఛాతీ లోపల ఏం జరుగుతుంది

పొట్టలోనూ ఛాతీ గోడ మీదా కొవ్వు చేరినప్పుడు ఉదర వితానం, అంటే ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం, పైకి నెట్టుకుపోతుంది. మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలి ఉంటుంది. ఆ గాలే చిన్న చిన్న గొట్టాలను లోపలి నుంచి తెరిచి ఉంచుతుంది. బరువు పెరిగేకొద్దీ ఈ నిల్వ గాలి తగ్గిపోతుంది. బీఎంఐ 20 ఉన్న మనిషితో పోలిస్తే 30 ఉన్న మనిషిలో అది ముప్పావు వంతుకు పడిపోతుందనీ, మామూలు ఊపిరి వదిలాక ఇంకా బలంగా ఊదితే బయటికి రాగలిగే గాలి సగానికి లోపే ఉంటుందనీ 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ నష్టంలో పెద్ద భాగం ఊబకాయం మొదటి మెట్టు దగ్గరే జరిగిపోతుంది. వంద కిలోలు దాటాల్సిన పని లేదు.

కొత్త బెలూన్ ఊదేటప్పుడు మొదటి రెండు ఊపిర్లకే దవడలు నొప్పి పుడతాయి, కాస్త ఉబ్బాక తేలికవుతుంది. తక్కువ గాలితో పనిచేసే ఊపిరితిత్తిదీ అదే పరిస్థితి. ప్రతి శ్వాసా ఆ కష్టమైన మొదటి దశలోనే నడుస్తుంది. పైగా గొట్టాల చుట్టూ ఉండే కండరం పూర్తిగా సాగే అవకాశం లేక పొట్టిగా, బిగుతుగా ఉండిపోతుంది. దాంతో చిన్న కారణానికే గొట్టం ముడుచుకుంటుంది. పడుకున్నప్పుడు పొట్ట బరువు మరింత పైకి నెట్టడం వల్ల రాత్రిళ్లు రెండు దిళ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. అయితే ఇదే లక్షణం గుండె జబ్బులో కూడా ఉంటుంది కాబట్టి, దిళ్ల సంఖ్య పెరుగుతుంటే డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

ఇంతవరకూ యంత్రం లెక్క. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చనిపోయిన 52 మంది ఊపిరితిత్తుల నమూనాలను పరిశీలిస్తే ఇంకో విషయం బయటపడింది. గాలి గొట్టాల గోడల్లోనే కొవ్వు పేరుకుని ఉంది. బీఎంఐ పెరిగేకొద్దీ ఆ కొవ్వు కూడా ఎక్కువగా ఉంది, గోడలు మందంగా ఉన్నాయి. కొవ్వు బయటి నుంచి ఛాతీని నొక్కడమే కాకుండా గొట్టం లోపలికి కూడా చేరుతుందని అలా కళ్లతో చూశారు.

కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. అది రక్తంలోకి రకరకాల పదార్థాలను వదులుతుంది. వాటిలో లెప్టిన్ ఒకటి. ఆకలిని అదుపు చేసే హార్మోన్‌గా దానికి పేరు, కానీ శరీరంలో వాపును కూడా అది ఎగదోస్తుంది. వాపును తగ్గించే అడిపోనెక్టిన్ బరువు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ఒకే బీఎంఐ ఉన్న ఆడ, మగ ఇద్దరిని తీసుకుంటే ఆడవాళ్ల రక్తంలోనే లెప్టిన్ ఎక్కువగా ఉంటుంది. అయితే మొత్తం నేరం లెప్టిన్ మీద వేయడానికి లేదు. దాని స్థాయిని లెక్కలోకి తీసుకున్నా బరువుకూ ఆస్తమాకూ ఉన్న సంబంధం చెదిరిపోలేదని అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాల విశ్లేషణలో తేలింది.

ముట్లు, కాన్పు, ముట్లు ఆగడం

చిన్నతనంలో ఆస్తమా మగపిల్లల్లోనే ఎక్కువ. పెద్దమనిషి అయ్యే వయసు దాటాక లెక్క తిరగబడి, అక్కడి నుంచి ఆడవాళ్లదే పైచేయి. ఈ మలుపు దగ్గర బరువు పాత్రను అమెరికాలోని టక్సన్‌లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనించిన అధ్యయనం బాగా చూపించింది. ఆరేళ్లకూ పదకొండేళ్లకూ మధ్య బరువు పెరిగిన ఆడపిల్లల్లో 11 లేదా 13 ఏళ్లకు కొత్తగా ఆస్తమా లక్షణాలు వచ్చే అవకాశం ఏడు రెట్లు ఉంది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. బరువున్న ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి కావడం, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ముందే పెరగడం దీనికి ఒక కారణం కావచ్చని పరిశోధకుల ఆలోచన.

నెలసరికి ముందు వారంలో ఆయాసం పెరుగుతుందని చాలామంది ఆడవాళ్లు గమనించే ఉంటారు. డాక్టర్లు అడగరు, వీళ్లు చెప్పరు. నిజానికి అది వైద్యంలో పేరున్న సంగతే. మూడు నెలల పాటు క్యాలెండర్ మీద ఆయాసం వచ్చిన రోజులూ ముట్టు తేదీలూ పక్కపక్కనే రాసుకుంటే పోలిక ఇట్టే తెలిసిపోతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో ముట్లు తప్పే సమస్య) ఉన్న స్త్రీలలో ఆస్తమా ఎక్కువగా ఉందని ఆస్ట్రేలియా అధ్యయనాలు చెప్పాయి. ఇరవై ఏళ్ల అమ్మాయికి ముట్లు తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, బరువు పెరుగుతూ, దానికి తోడు రాత్రి దగ్గు కూడా ఉంటే నాలుగింటికీ నలుగురు డాక్టర్ల దగ్గరికి తిప్పేకన్నా, ఒక్క డాక్టరుకే నాలుగూ కలిపి చెప్పడం మేలు.

గర్భంతో ఉన్నప్పుడు ఆస్తమా ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి జబ్బు పెరుగుతుంది, మూడో వంతుకు తగ్గుతుంది, మిగతావాళ్లకు అలాగే ఉంటుంది. బరువు ఎక్కువున్న గర్భిణుల్లో ఆస్తమా తిరగబెట్టడం ఎక్కువ. ఈ సమయంలోనే "కడుపులో బిడ్డకు మంచిది కాదు" అంటూ ఇంట్లో పెద్దవాళ్లు పంపు మాన్పిస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ చాలా ప్రమాదకరమైన పని. పీల్చే మందు రక్తంలోకి వెళ్లేది బహు కొద్ది. తల్లికి ఊపిరి ఆడకపోతే బిడ్డకు ఆక్సిజన్ తగ్గడం మాత్రం అక్కడికక్కడే జరుగుతుంది.

ముట్లు ఆగిన తర్వాత హార్మోన్ మాత్రలు వాడినవాళ్లలో కొత్తగా ఆస్తమా ఎక్కువగా వచ్చినట్టు అమెరికా, ఫ్రాన్స్ అధ్యయనాలు రెండూ చూపించాయి. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నలభై లోపే జరిగే ఆపరేషన్లు కూడా తక్కువేం కాదు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా మీద పడుతుంది, కొవ్వు తొడల నుంచి పొట్టకు చేరుతుంది. "ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఒళ్లొచ్చేసింది, ఆయాసం కూడా" అని చెప్పే స్త్రీని డాక్టరు కొట్టిపారేయకూడదు. ఆవిడ చెప్పే క్రమం, శరీరంలో జరిగే క్రమం ఒకటే కావచ్చు.

ఈ ఊరి గాలి

బరువు ఎక్కువున్నవాళ్ల గొట్టాలు దుమ్ముకూ పొగకూ మరింత తొందరగా స్పందిస్తాయి. విశాఖలో ఇది చిన్న విషయం కాదు. ఒక పక్క కైలాస కొండలు, ఒక పక్క యారాడ కొండ, మధ్యలో ఊరు, పోర్టు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ. గాలి కదలని రోజున పొగ బయటికి పోయే దారి ఉండదు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. పోర్టులో దిగే బొగ్గు, ఖనిజాల ధూళి జ్ఞానాపురం, పాత ఊరు వైపు ఇళ్ల కిటికీ ఊచల మీద నల్లగా పేరుకోవడం అక్కడివాళ్లకు కొత్త కాదు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి అంటుతుంది. తుడిచేది ఎక్కువగా ఆడవాళ్లే. పొడి గుడ్డతో దులిపితే ఆ ధూళంతా ముక్కులోకి పోతుంది, తడిగుడ్డ పెట్టాలి.

దీనికి తోడు సముద్రపు చెమ్మ. గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో పరుపుల్లో, దిళ్లలో కంటికి కనపడని దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి, గోడలకు బూజు పడుతుంది. వంటింట్లో ఎండుమిర్చి తాలింపు ఘాటు, చేపల వేపుడు పొగ, హాల్లో సాంబ్రాణి, రాత్రికి దోమల చుట్ట. గ్యాస్ పొయ్యి వచ్చాక పొగ బాధ తీరిపోయిందని అనుకుంటాం గానీ, కిటికీ మూసిన అపార్ట్‌మెంట్ వంటింట్లో తాలింపు వేసేటప్పుడు దగ్గని మనిషి ఉండరు. ఆస్తమా ఉన్న ఇల్లాలికి అది రోజుకు రెండుసార్లు తప్పని పరీక్ష.

ఆస్తమాయా, బరువా: తేల్చేది ఎలా

ఎంవీపీ కాలనీలో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు అనుకుందాం. నలభై రెండేళ్లావిడ రైతు బజారు సంచితో మెట్లెక్కి రెండో అంతస్తులో ఆగిపోయింది. అది ఆస్తమా కావచ్చు, బరువు వల్ల ఊపిరి చాలకపోవడం కావచ్చు, రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, గుండె కావచ్చు. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. 2008లో కెనడాలో, డాక్టర్లు ఆస్తమా అని చెప్పినవాళ్లనే పిలిచి మళ్లీ జాగ్రత్తగా పరీక్షిస్తే, ఊబకాయం ఉన్నవాళ్లలో 31.8 శాతం మందికి, లేనివాళ్లలో 28.7 శాతం మందికి అసలు ఆస్తమాయే లేదని తేలింది. పరీక్షలు బాగా దొరికే దేశంలోనే ఇలా ఉంది.

తేల్చేది స్పైరోమెట్రీ. కేజీహెచ్, వాల్తేరు ఛాతీ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రుల్లో చేస్తారు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా, బలంగా ఊది, ఇంక గాలి లేదనిపించినా ఆపకుండా ఊదుతూనే ఉండాలి. పక్కన టెక్నీషియన్ "ఇంకా ఊదమ్మా, ఇంకా, ఇంకా" అని అరుస్తూనే ఉంటారు. మూడుసార్లయినా చేయిస్తారు. జాకెట్టు బిగుతుగా ఉంటే ఊదడం కుదరదు, కాబట్టి వదులు బట్టలతో వెళ్లాలి. తర్వాత పంపు మందు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి అప్పుడు 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే అది ఆస్తమాకు గట్టి సూచన. ఒట్టి బరువు సమస్యే అయితే మొదటి సెకను గాలీ, మొత్తం గాలీ రెండూ ఒకే తీరుగా తగ్గుతాయి, వాటి నిష్పత్తి మారదు, పంపు ఇచ్చినా పెద్దగా తేడా రాదు. ఒకరోజు మామూలుగా వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదని కాదు. ఆయాసం ఉన్న రోజున మళ్లీ చేయించాలి, లేదా పీక్ ఫ్లో మీటరు అనే చిన్న పరికరంతో పొద్దునా సాయంత్రం ఇంట్లోనే ఊది రాసుకోవాలి.

బరువున్న స్త్రీలలో ఆయాసాన్ని పెంచే తోడు జబ్బులు ఇంకా రెండు ఉన్నాయి. రాత్రి పడుకున్నాక పుల్లటి తేన్పులు, గొంతు మంట, దగ్గు వస్తుంటే కడుపులో ఆమ్లం పైకి తన్నుతోందని అర్థం. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడటం, పగలంతా మత్తుగా ఉండటం స్లీప్ ఆప్నియా లక్షణాలు. గురక గురించి చెప్పాల్సింది పక్కన పడుకునే మనిషి. భర్త గురక పెడుతుంటే భార్య డాక్టరుకు చెబుతుంది. భార్య గురక సంగతి మాత్రం ఇంట్లో నవ్వులాటగా మిగిలిపోతుంది. వీటిని సరిచేయకుండా ఆస్తమా ఒక్కదానికే మందు పెంచితే ఫలితం ఉండదు.

మందులు, మాత్రలు

బీఎంఐ పెరిగేకొద్దీ పీల్చే స్టెరాయిడ్ మందు పనితనం కొంత తగ్గుతుందని పలు పరిశోధనలు చూపించాయి. అలర్జీ తరహా వాపు తక్కువగా ఉండే రకంలో ఆ వాపును తగ్గించే మందుకు చేయడానికి పని తక్కువ. అలాగని పంపు మానేయమని కాదు. ఇప్పటికీ పునాది వైద్యం అదే. మనదగ్గర అసలు చిక్కు ఏమిటంటే, చాలామంది వాడేది లక్షణాన్ని కాసేపు ఆపే ఆస్థలిన్ (సాల్బుటమాల్) పంపు ఒక్కటే. ఒట్టి సాల్బుటమాల్ మీద ఆధారపడొద్దనీ, ప్రతి ఒక్కరికీ పీల్చే స్టెరాయిడ్ కూడా ఉండాలనీ 2019 నుంచి ఆస్తమా అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పంపు అలవాటైపోతుందని, పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్లల చేత దాన్ని మాన్పించి మాత్రలు వేయించే ఇళ్లు ఉన్నాయి. ఈ బరువు కథలో అతి పెద్ద అన్యాయం ఇక్కడే జరుగుతుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా సందు చివర మందుల షాపులో కొనే చిన్న మాత్రల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. రెండు గంటల్లో ఉపశమనం, ఆకలి రెట్టింపు, ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట పెరగడం, షుగరు. అలా పెరిగిన బరువు ఆస్తమాను పెంచుతుంది, దానికి మళ్లీ అవే మాత్రలు. పంపులో ఒకసారి పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. పంపుకు భయపడి మాత్ర మింగేవాళ్లకు ఈ ఒక్క లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. తీవ్రంగా తిరగబెట్టినప్పుడు డాక్టరు ఐదారు రోజులకు రాసే మాత్రల సంగతి వేరు, అవి ప్రాణం కాపాడతాయి.

ఆస్తమా నుంచి బరువు వైపు నడిచే దారి మాత్రలతోనే ఆగదు. అమెరికాలో లావు లేని 2,171 మంది చిన్నపిల్లల్ని పదేళ్ల దాకా గమనిస్తే, ఆస్తమా ఉన్నవాళ్లు ఊబకాయం వైపు వెళ్లే అవకాశం 51 శాతం ఎక్కువగా కనిపించింది. ఆయాసం వస్తుందేమోనన్న టెన్షన్‌తో ఆటలకు పంపకపోవడం అందులో ఒక భాగం. మన ఇళ్లలో ఆడపిల్లల ఆట ఎలాగూ ముందే ఆగిపోతుంది. ఆస్తమా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఎంత తగ్గితే ఎంత మేలు

ఫిన్లాండ్‌లో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఊబకాయం, ఆస్తమా రెండూ ఉన్న 38 మందిని రెండు జట్లు చేశారు. ఎనిమిది వారాల కఠినమైన ఆహార నియమంతో ఒక జట్టు బరువు సగటున 14.5 శాతం తగ్గింది. వాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం, ఆయాసం, మందుల వాడకం అన్నీ మెరుగయ్యాయి. కెనడాలో 58 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో ప్రతి 10 శాతం బరువు తగ్గుదలకు మొదటి సెకను గాలి 73 మిల్లీలీటర్లు పెరిగింది. గొట్టాల అతి స్పందన మాత్రం మారలేదు. అంటే బరువు తగ్గితే ఊపిరి తేలికవుతుంది, జబ్బు స్వభావం మాత్రం పూర్తిగా పోకపోవచ్చు. మామూలు మనిషికి ఎక్కువ ఉపయోగపడేది 2013లో వచ్చిన ఆస్ట్రేలియా ఫలితం. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినవాళ్లలో 58 శాతం మందికి ఆస్తమా అదుపులో మంచి మార్పు వచ్చింది. 70 కిలోల మనిషికి ఇది మూడున్నర నుంచి ఏడు కిలోలు. పెళ్లినాటి బరువుకు రానక్కర్లేదు.

ఇది సాధ్యమయ్యే పనే, కానీ "నోరు కట్టుకో" అన్నంత తేలిక కాదు. విశాఖ ఇంటి భోజనంలో కేలరీలు ఎక్కువగా వచ్చేది మధ్యాహ్నం, రాత్రి పెట్టుకునే తెల్లన్నం, సాయంత్రం టీతో పాటు వచ్చే పునుగులు, బజ్జీల నుంచి. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది పారేయలేక తినడం ఆడవాళ్ల ఖాతాలో పడే ఇంకో పూట. ఉత్తరాంధ్రలో పాతతరం తాగిన చోడి (రాగి) అంబలి, ఆకుకూర పప్పు, హార్బరులో చవగ్గా దొరికే కానాగంతల పులుసు ఉండగా ప్రత్యేకమైన డైట్ పొడులకు వేలు పోయాల్సిన పని లేదు. అన్నం కొలిచే గిన్నె మార్చకుండా, అందులో అన్నాన్ని సగానికి తగ్గించి, కూర రెట్టింపు చేసుకోవడంతో మొదలుపెట్టొచ్చు. అయితే వేరే వంట వండుకునే తీరికా, తన కోసం కూరలు కొనుక్కునే హక్కూ ఇంట్లో ఉండాలి. అవి లేని మనిషికి డైట్ చార్టు ఇచ్చి పంపడం వైద్యం కాదు.

నడక విషయంలో భయం సహజం. నడిస్తే ఆయాసం వస్తుంది, వస్తే మానేస్తారు. డాక్టరు సలహాతో నడకకు పది పదిహేను నిమిషాల ముందు పంపు పీల్చుకుని, మొదటి పది నిమిషాలు మెల్లగా నడిచి తర్వాత వేగం పెంచితే చాలామందికి ఇబ్బంది రాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదిలేయడం ఈ ఊరి ఆడవాళ్లకు దొరికిన మంచి సదుపాయం. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం తెల్లవారుజాము గాలిలో పొగ కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఎండ పొడ వచ్చాక బయల్దేరడం నయం. గాజువాక, మల్కాపురం వైపు ఉండేవాళ్లకు బీచ్ రోడ్డు అందుబాటులో ఉండదు. మేడ మీద నడక, ఇంట్లో కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం కూడా లెక్కలోకే వస్తాయి.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, 2025లో ఊబకాయానికి మన మార్కెట్లోకి కూడా వచ్చాయి. ఈ తరహా మందులు వాడిన షుగరు రోగుల్లో ఆస్తమా తిరగబెట్టడం తగ్గినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది గానీ, ఆస్తమా మందుగా వీటికి ఆమోదం లేదు. బీఎంఐ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత ఆస్తమా అదుపు గణనీయంగా మెరుగైంది. ముఖ్యంగా పెద్దయ్యాక వచ్చిన, అలర్జీ లేని రకంలో.

బరువు తగ్గడం మొదలయ్యాక ఆయాసం తగ్గిందని చాలామంది పంపు వాళ్లంతట వాళ్లే ఆపేస్తారు. అలా చేయకూడదు. మూడు నెలలు నిలకడగా ఉన్నాక స్పైరోమెట్రీ మళ్లీ చేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం డోసు ఒక్కో మెట్టు దించుకోవాలి. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు మొదటి రిపోర్టు కూడా వెంట పట్టుకెళ్లాలి. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి చూస్తే గానీ ఎంత మెరుగైందో, డోసు తగ్గించవచ్చో లేదో డాక్టరుకైనా తెలియదు.